ఐదో అధ్యాయం తియ్యను

ఫిబ్రవరి 10

కోడలమ్మాయికి,

నువ్వు పంపిన కాగితం అందింది. మీ డిపార్టుమెంటు గోడకి అంటించే నోటీసు నకలు నాకెందుకు పంపావో మొదట అర్థం కాలేదు. తర్వాత రెండో వరసలో నీ పేరు కనబడింది. పైన 'రాబోయే పరిశోధక సెమినార్లు, థీసిస్ వైవాలు' అని పెద్ద అక్షరాలు, కింద ఒక్కొక్కరి పేరు, తేదీ, హాలు, అడుగున 'అందరూ ఆహ్వానితులే' అని ఒక ముక్క. పక్క వాటాలో ఉండే కుట్టుమిషనావిడకి చూపించాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి సెమినారంటే ఏంటని అడిగింది. నాకు తెలిస్తేగా చెప్పడానికి. పెద్దవాళ్ళ ముందు నిలబడి మాట్లాడటం అని చెప్పి గట్టెక్కాను. అదే అయితే మా కోడలు రోజూ చేసే పనే కదా అని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు.

ఫోన్లో చెప్పకుండా ఉత్తరాలేమిటని నవ్వకు. ఫోను మావాడి చేతిలో ఉంటుంది, వాడు పక్కనే నిలబడతాడు, సగం మాటలు మింగాలి. ఉత్తరమైతే వాడి మీద చెప్పాల్సినవన్నీ తీరిగ్గా చెప్పుకోవచ్చు.

ఇప్పుడు చెబుతున్నాను. మళ్ళీ కళ్ళజోడు మార్చాడు. ఈసారి అద్దాలు సీసా అడుగులంత మందం. దుకాణంలో పొద్దస్తమానం ఆ గడియారాల్లోకి తల దూర్చి కూర్చుంటే కళ్ళు ఎందుకుంటాయి? జోడు తీసి పక్కన పెట్టి, ఆవగింజంత మరలు ఉత్త కంటితో బిగిస్తాడు. అందరూ అది గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం కడుపు తరుక్కుపోతుంది. ఆ గడియారాలే వాడి కళ్ళు తినేశాయి. ఆ దుకాణం మూసి ఇంకేదైనా పని చూసుకోమని నేను చెబితే వినడు. నువ్వు చెప్పు. నీ మాటైతే కనీసం విన్నట్టు నటిస్తాడు.

హాస్టల్లో వేళకి తిను. చదివేవాళ్ళు తిండి మానేస్తే చదువు పెరగదు, నడుం తగ్గుతుంది, అంతే.

మీ అత్తయ్య

ఫిబ్రవరి 18

అత్తయ్యకి,

మీ ఉత్తరం డిపార్టుమెంటు మెట్ల మీద కూర్చుని చదువుకున్నాను. పక్కన కూర్చున్న స్నేహితురాలికి కూడా వినిపించాను. మీ అత్తగారిని పరీక్షకురాలిగా వేస్తే మనందరం ఫెయిలే అంది.

సెమినారంటే మీరు చెప్పింది సరిగ్గానే ఉంది. థీసిస్ అచ్చుకిచ్చే ముందు, ఏం రాశామో డిపార్టుమెంటు వాళ్ళందరి ముందూ చెప్పాలి. వాళ్ళు తప్పులు పడతారు. అవి దిద్దుకుని, బైండు చేయించి ఇస్తే, కొన్ని నెలలకి వైవా. బయటి నుంచి ఒక పరీక్షకుడు వస్తాడు, ప్రశ్నలడుగుతాడు, పట్టా ఇవ్వాలో వద్దో కమిటీ తేలుస్తుంది. రెండూ ఒకే హాల్లో. పొడుగాటి హాలు, ముందు వరసలో మెత్తలు వేసిన కుర్చీలు పెద్దవాళ్ళకి, వెనక ఇనప కుర్చీలు మాకు. టేబుల్ మీద ఒక గంట ఉంటుంది. అధ్యక్షుడు ఎవరి మాట చాలనుకుంటే వాళ్ళకి అది మోగిస్తాడు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ముందు వరస మధ్య కుర్చీలో పెద్దాయన కూర్చుంటాడు. మా గైడు మేడమ్‌కి గురువు, ఈ డిపార్టుమెంటు కట్టిన మనిషి. వైవా చివర్లో ఎవర్నైనా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న, మీ థీసిస్‌లో లోపం ఏమిటి అని. అందరూ ఒకేలాంటి జవాబు చెబుతారు. మీ సిద్ధాంతాన్ని ఇంకా విస్తృతంగా వాడుకోలేకపోవడమే నా లోపమండీ అంటారు. ఆయన తలూపుతాడు. చప్పట్లు. టీ.

నా సంగతి అంత సాఫీగా లేదు. ఐదో అధ్యాయం తీసెయ్యమని మేడమ్ అంటోంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. రెండుసార్లు నా తరఫున ఆఫీసు వాళ్ళతో పోట్లాడింది కూడా. కానీ పెద్దాయన పేరెత్తితే కుర్చీలో సర్దుకుని కూర్చుంటుంది. ఆ అధ్యాయం ఆయనకి నచ్చదు. మిగతా నాలుగింటితో పట్టా వచ్చేస్తుందట, అది లేకపోతే ఎవరికీ నష్టం లేదట. నేను ఊరికే విని వచ్చాను. తీసెయ్యడానికి కాదు నేను ఇన్నాళ్ళు బడుల చుట్టూ తిరిగింది.

అందులో ఏముందో మీ అబ్బాయి తనే మీకు చెబుతానన్నాడు. ఇవాళ, రేపు అంటున్నాడు. మీరే కదిలించండి. కళ్ళ సంగతి కూడా అప్పుడే మాట్లాడుకుందాం.

వేళకి తింటున్నాను. నడుం మీరనుకున్నంత తగ్గలేదు.

మీ కోడలు

మార్చి 2

పెద్ద చదువులు చదివిన కోడలిగారికి,

మీరు రాసిన థీసిస్ గురించి తెలిసింది. మా పెద్దమ్మాయి పనిచేసే బడికి కూడా మీ నోటీసు వచ్చిందట. తమ్ముడి పెళ్ళాం మాట్లాడుతోంది కదా అని సరదాపడి, సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. వెనక కుర్చీలో కూర్చుంది. మీకు చెప్పకుండానే వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిపోయిందో ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పింది.

'ఒక పిల్లవాడు గోడ పటం పరీక్ష తప్పాడు. బుద్ధి మందమని తేల్చి చివరి గదిలో కూర్చోబెట్టారు. అతను ఇప్పుడు గడియారాలు బాగుచేస్తాడు.' ఇవి మీ మాటలే కదా? హాలు నిండా జనం ముందు చదివిన మాటలు?

ఆ పరీక్ష మీకు పుస్తకంలో తెలుసు. నాకు ఒంటి మీద తెలుసు. గోడకి పటం కట్టి, నేల మీద సున్నంతో గీత గీసి, గీత వెనక పిల్లాణ్ణి నిలబెట్టారు. బొమ్మల వరసలో తర్వాత ఏది వస్తుందో చెప్పమన్నారు. మావాడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అంతే, వాణ్ణి తీసుకెళ్ళి చివరి గదిలో పారేశారు. ఆ గదిలో పాఠాలుండవు. బుట్టలల్లడం, తోట తవ్వడం. బడి వదిలాక మిగతా పిల్లలు వెళ్ళేదాకా ఆగి వెనక సందులోంచి ఇంటికొచ్చేవాడు. వీధిలో ఎవరైనా వాణ్ణి ఆ మాటంటే నేను కొంగు బిగించి వెళ్ళి పోట్లాడేదాన్ని. అలా పోట్లాడి పోట్లాడి, వాడు దుకాణం పెట్టుకుని నిలబడ్డాక, జనం ఆ మాట మర్చిపోయారు. మీ పెళ్ళి చూపుల నాడు ఎవరూ ఆ ఊసెత్తకూడదని నేను ఎంత వణికానో మీకు తెలీదు.

ఇప్పుడు మీరు దాన్ని అచ్చు వేయించి, అట్ట వేయించి, లైబ్రరీలో పెట్టిస్తారు. మీ మేడమ్ ఆ అధ్యాయం తియ్యమంటోందని మీరే రాశారు. ఆవిడకున్న ఇంగితం మీకు లేకపోయింది. నేనూ అదే చెబుతున్నాను. తీసెయ్యండి. మొగుడి పరువు మీద నిలబడి తెచ్చుకునే పట్టా మా ఇంటికి అక్కర్లేదు.

వాణ్ణి నేనేమీ అడగలేదు. అడిగి వాడి మొహం చూడలేను.

ఇట్లు,
అతని తల్లి

మార్చి 7

అత్తయ్యా,

నన్ను తిట్టండి, పడతాను. 'మీరు' అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటకి రెండు రోజులు పుస్తకం ముట్టలేకపోయాను.

ఇక జవాబు. ఐదో అధ్యాయం తియ్యను. మేడమ్ చెప్పినా తియ్యను, మీరు చెప్పినా తియ్యను.

వదిన విన్నది ఆ అధ్యాయంలో మొదటి పేజీ. రెండో పేజీ ఎవరూ వినలేదు, ఎందుకంటే మొదటి పేజీ అవగానే అధ్యక్షుడు గంట కొట్టాడు. టైము అయిపోయిందన్నాడు. నా ముందు మాట్లాడినతను నాకంటే చాలాసేపు మాట్లాడాడు, అతనికి గంట కొట్టలేదు. పెద్దాయన మధ్య కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నేను కాగితాలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఈలోగా టీ వచ్చేసింది. జనం లేచారు. వదిన వచ్చిన సంగతే నాకు తెలీదు, తెలిస్తే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి రెండో పేజీ వినిపించేదాన్ని.

మీకు ఇప్పుడు చెబుతున్నాను. ఆ గోడ పటం పరీక్ష తయారుచేసింది పెద్దాయనే. నేను ఊరూరా చివరి గదులకి వెళ్ళాను. అక్కడి పిల్లలకి అవే బొమ్మలు, అదే వరస, చిన్న అట్ట మీద గీసి చేతికిచ్చాను. సగానికి పైగా పిల్లలు గబగబా చెప్పేశారు. వాళ్ళ బుద్ధికేమీ తక్కువ లేదు. వాళ్ళకి దూరపు చూపు లేదు, పటం కనబడలేదు. చెప్పలేకపోయినవాళ్ళూ ఉన్నారు, అదీ దాచకుండా రాశాను. కానీ కనబడని పిల్లల్ని కూడా బుద్ధిలేనివాళ్ళ కింద జమకట్టి గదిలో కుక్కిన ఆ పరీక్ష తప్పు. అదే ఐదో అధ్యాయం.

మీ అబ్బాయి కూడా అంతే. తను నాకు ఒకసారి మాటల్లో చెప్పాడు, అక్కణ్ణుంచే నాకు ఈ పని మొదలైంది. మొదటి పేజీలో తన సంగతి రాయమన్నది తనే. ఊరి పేరు, మనిషి పేరు రాయలేదు. గడియారాలు కళ్ళు తినేశాయని మీరు అంటూ ఉంటారు. కాదు అత్తయ్యా. ఆ కళ్ళు మొదట్నుంచీ అంతే. దూరంగా ఉన్నవేవీ కనబడవు కాబట్టే, దగ్గరగా పెట్టుకుని చూసే పని దగ్గరికి వెళ్ళాడు. మీరు తలకిందులుగా లెక్కేసుకున్నారు. ఇంట్లో అందరం అదే లెక్క వేసుకున్నాం.

నమ్మకపోతే తననే అడగండి. మొహం చూడలేనంటే, దుకాణంలో తల వంచుకుని పని చేసేటప్పుడు అడగండి.

ఇంకా కోపంగానే ఉన్న మీ కోడలు

మార్చి 15

అమ్మాయ్,

అడిగాను. నువ్వన్నట్టే దుకాణానికి వెళ్ళాను. వాడు ఒక పాత గోడగడియారం విప్పి ముందేసుకున్నాడు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, ఆ రోజు పరీక్షలో నీకు పటం కనబడలేదా అని అడిగాను. వాడు తలెత్తలేదు. చేతిలో పట్టకారు ఆగింది.

"పటం కనబడిందమ్మా. అందులో బొమ్మలున్నాయని తెలీదు" అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తెల్లటి గుడ్డ కట్టి, అందులోంచి ఏదో ఊహించి చెప్పమంటున్నారని అనుకున్నాడట. మిగతా పిల్లలు గడగడా చెబుతుంటే, వాళ్ళకి ఊహ ఉంది, నాకు లేదు అనుకున్నాడట. ఇన్నేళ్ళూ. నాకెందుకు చెప్పలేదురా అంటే, మొదటి కళ్ళజోడు పెట్టుకునేదాకా నాకూ తెలీదమ్మా, తెలిసేసరికి నువ్వు అందరితో పోట్లాడి అలిసిపోయి ఉన్నావు, మళ్ళీ కదిలించడం ఎందుకులే అనుకున్నా అన్నాడు.

నేనూ ఎక్కడో పొరబడ్డాను కదా అని నన్ను నేను తిట్టుకునే కార్యక్రమం ఒకటుంది. అది తర్వాత పెట్టుకుంటాను, తీరికున్నప్పుడు. ముందు వాళ్ళ సంగతి. బడికి వచ్చిన పిల్లాడికి కనబడుతోందా లేదా అని చూడకుండా, వాడి తలకాయలో ఏముందో తేల్చేసిన ఆ పెద్దమనిషి ఇంకా మధ్య కుర్చీలో కూర్చుని గంట కొట్టిస్తున్నాడా? ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళందరికీ ఆపి చెప్పాలని ఉంది. కుట్టుమిషనావిడకి చెప్పేశాను. వాళ్ళ చిన్నదాన్ని ఈ ఏడే బడిలో వేస్తున్నారు.

తియ్యకు. ఒక్క అక్షరం కూడా తియ్యకు. నీ వైవాకి నేను వస్తాను. వెనక ఇనప కుర్చీ కాదు, ముందు వరసలో కూర్చుంటాను. అందరూ ఆహ్వానితులే అని వాళ్ళే అచ్చేసుకున్నారు.

మీ వదినకి రెండో పేజీ నేనే చెప్పాను. నీకు మొహం చూపించలేనంటోంది. ఆ ఏడుపేదో నీ దగ్గరే ఏడవమన్నాను.

మీ అత్తయ్య

మార్చి 16

అత్తయ్యకి,

నా గత ఉత్తరానికి మీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. నేను మరీ తలబిరుసుగా రాశాను. రాసి పోస్టు చేశాక మీరు రాసిన వెనక సందు గురించే ఆలోచన. తను మొదటి పేజీకి ఒప్పుకున్నాడు నిజమే. కానీ వీధిలో కొంగు బిగించి పోట్లాడింది మీరు. మిమ్మల్ని నేను అడగలేదు.

అందుకని నిన్న మేడమ్ గదికి వెళ్ళాను. మొదటి పేజీ తీసేస్తాను, లెక్కలూ పట్టికలూ మాత్రం ఉంటాయి అని చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది. మొదటి పేజీ లేకపోతే మిగతాది అధ్యాయంలా ఉండదు, వెనక అనుబంధంలో వేద్దాం, చిన్న అక్షరాల్లో, ఎవరూ అడ్డు చెప్పరు అంది. సరే అని వచ్చేశాను. గెలిచానా, ఓడానా తెలీడం లేదు.

ఇక ఇంట్లో ఎవరి పరువూ పోదు. ఒక్క ముక్క రాయండి చాలు.

మీ కోడలు

మార్చి 22

అమ్మాయ్,

నీకేమైనా మతిపోయిందా? నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకుని పోయినట్టున్నాయి. ఈపాటికి నాది చదివే ఉంటావు. అయినా మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే తిట్టాల్సింది మిగిలిపోయింది.

తియ్యమని నేనే అన్నాను. నిజమే. నేను అన్నానని నువ్వు వినడమేమిటి? పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి నా మాట ఒక్కటి విన్నావా? వంటింట్లో గిన్నెలు ఎక్కడ పెట్టాలో చెబితే వినలేదు. ఆ చిన్న బండి కొనొద్దంటే వినలేదు. ఇంత చదివాక ఇంకా చదువెందుకంటే అసలే వినలేదు. విని విని ఇదొక్కటే దొరికిందా నీకు వినడానికి?

ఆ పేజీ తీసుకెళ్ళి ఎక్కడుండాలో అక్కడ పెట్టు. చిన్న అక్షరాలట. వెనకెక్కడోనట. మావాణ్ణి ఒకసారి చివరి గదిలో పెట్టారు, చాలు. పుస్తకంలో కూడా చివరి గదిలోనే పెడతారా? మీ మేడమ్‌తో నా మాటగా ఈ ముక్క చెప్పు. ఆవిడ కూడా ఒకరికి కోడలే అయితే అర్థమవుతుంది.

మావాడు ఇది చూసి ఒక ముక్క రాయమన్నాడు. నా పేరు కూడా వేసుకోమను, నాకేం భయం లేదు అన్నాడు.

మీ అత్తయ్య

ఆగస్టు 24

అత్తయ్యకి,

థీసిస్ ఇచ్చాక మధ్యలో మీకు ఫోన్లో పొడిపొడిగా చెప్పడమే అయింది. ఇప్పుడు వివరంగా.

మీ మాట మేడమ్‌కి చెప్పాను. ఉన్నదున్నట్టు, చివరి గది ముక్కతో సహా. ఆవిడ, నేను తియ్యమనే చెబుతాను, అది నా బాధ్యత, వినకపోవడం నీ ఇష్టం అంది. గైడు సంతకం మాత్రం పెట్టేసింది. అంతకంటే ఆవిడ నుంచి నేనేమీ అడగలేదు. మొదటి పేజీ మొదటి పేజీలోనే ఉంది. పేరు వెయ్యలేదు, వేస్తే ఆ ఊరి పిల్లలందర్నీ వెతుక్కుంటూ పోతారు.

వైవా సెప్టెంబరు పదకొండున. నోటీసు అంటించారు, ఈసారి నాది మొదటి పేరు. అప్పుడే డిపార్టుమెంటులో గుసగుసలు. నాకు సలహాలు కూడా ఎన్నో వచ్చాయి. పెద్దాయన లోపం అడిగినప్పుడు ఐదో అధ్యాయమే నా లోపం అని చెబితే చాలట, ఆయన ప్రేమగా క్షమించేస్తాడట, పట్టా ఆ సాయంత్రమే. అది చెప్పినవాళ్ళు నా మేలు కోరేవాళ్ళే. చెప్పకపోతే నా పట్టా ఏమవుతుందో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. ఒక కాలేజీలో ఉద్యోగానికి పిలిచారు. పట్టా చేతికొస్తేనే అది.

అయినా చెప్పను. మీరు ముందు వరసలో కూర్చుంటే నాకు ఇంకా గట్టిగా ఉంటుంది. కుర్చీ పట్టి ఉంచుతాను.

మీ కోడలు

సెప్టెంబరు 12

అత్తయ్యా,

మీరు రాలేదు.

తను ఒక్కడే వచ్చాడు. అమ్మ ఏదని అడిగితే పని పడిందన్నాడు, ఏం పని అంటే తనే రాస్తుందిలే అన్నాడు. ముందు వరసలో మీకోసం నా సంచి పెట్టి పట్టిన కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉంది. అంతమందిలో మళ్ళీ ఆ మాట వినబడుతుందని వెనక్కి తగ్గారేమో అనుకున్నాను. తగ్గితే తప్పు లేదు. అయినా నాకు బాధేసింది. దాచుకోను.

జరిగింది చెబుతాను. ఈసారి గంట కొట్టలేదు, బయటి పరీక్షకుడు ఉన్నాడు కాబట్టి. ఐదో అధ్యాయం మొత్తం చదివాను. ఆ పరీక్షకుడు చాలా ప్రశ్నలడిగాడు, కష్టమైనవే. కొన్నిటికి తెలీదని చెప్పాను. వదిన వెనక కుర్చీలో కాదు, తలుపు దగ్గర నిలబడి ఉంది, చివరిదాకా కదల్లేదు.

ఆఖర్న పెద్దాయన వంతు. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి, మామూలుగానే, ఎంతో మెత్తగా అడిగాడు.

"మీ థీసిస్‌లో లోపం ఏమిటమ్మా?"

"ఆలస్యమండీ" అన్నాను. "మీ పరీక్ష తప్పిన పిల్లలు చాలామంది అప్పుడే పెద్దవాళ్ళయిపోయారు."

ఆయన తలూపలేదు. పిల్లల కళ్ళు పరీక్షించడం నా శాస్త్రం కాదు అన్నాడు. ముందు కళ్ళు చూపించాలన్న ముక్క మీ పరీక్ష పుస్తకంలో ఒక్కచోట రాసి ఉన్నా, ఎవరో ఒకరు పరీక్షించేవారు సార్ అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీ కూడా ఎవరూ తాగలేదు, పళ్ళెంలో చల్లారిపోయింది.

మమ్మల్ని వరండాలోకి పంపించి తలుపేసుకున్నారు. ఎంతో సేపటికి పిలిచారు. ఐదో అధ్యాయం తొలగించి మళ్ళీ ఇస్తే పట్టా సిఫారసు చేస్తామని అధ్యక్షుడు చదివాడు. తీసి ఇవ్వనని అందరి ముందూ చెప్పాను. బయటి పరీక్షకుడు ఆ నిర్ణయానికి ఒప్పుకోలేదట, వేరుగా రాసిచ్చాడు. కాబట్టి ఇది పైకి వెళుతుంది. పైవాళ్ళు ఎప్పుడు చూస్తారో, ఏం తేలుస్తారో ఎవరికీ తెలీదు. కాలేజీ వాళ్ళు నాకోసం ఆగరు. ఆ ఉద్యోగం పోయినట్టే.

తను నా సంచి మొయ్యడానికి తీసుకున్నాడు. మెట్లు దిగాక, బాగా చెప్పావు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఓడిపోయినందుకు కాదు. నేను ఓడిపోలేదు. ఎందుకో వచ్చింది.

మీరు ఎందుకు రాలేదు?

మీ కోడలు

సెప్టెంబరు 17

కోడలమ్మాయికి,

వెనక్కి తగ్గానని అనుకున్నావా? ఆ మాటకి నిన్ను చేతికందే దూరంలో పెట్టుకుని తిట్టాలి. సెలవుకి వస్తావుగా, అప్పుడు.

బయల్దేరడానికి సంచి కూడా సర్దుకున్నాను. ముందు రోజు సాయంత్రం కుట్టుమిషనావిడ పరిగెత్తుకొచ్చింది. బడిలో కొత్త పిల్లలకి గోడ పటం పరీక్ష పెడుతున్నారట, సరిగ్గా నీ వైవా రోజునే. వాళ్ళ చిన్నది సూదిలో దారం ఎక్కిస్తుంది కానీ వీధి చివర నిలబడ్డ తల్లిని పోల్చుకోలేదు. నేను కాసేపు అటూ ఇటూ కొట్టుకున్నాను. నువ్వు అక్కడ పెద్దవాళ్ళతో పోట్లాడగలవు, ఆ పిల్లలు పోట్లాడలేరు. ఇక్కడే ఉండిపోయాను. నీకు ముందే చెప్పొద్దని మావాడికి నేనే చెప్పాను. నీ బుర్ర రెండు చోట్ల ఉండకూడదని.

పొద్దున్నే కుట్టుమిషనావిడా నేనూ, ఇంకో నలుగురు తల్లులూ వెళ్ళాం. అదే గది. అదే మేకు. నేల మీద గీత కొత్తగా వేశారు. హెడ్మాస్టరు మర్యాదస్తుడే, కుర్చీలు వేయించాడు. పటం ఇంకొంచెం దగ్గరగా కట్టించండి, లేదా పిల్లల్ని దగ్గరికి రానివ్వండి అని అడిగాం. నిబంధనల్లో దూరం రాసి ఉంది, మార్చడానికి నేనెవర్ని అన్నాడు. బాగానే ఉంది, మీరెవరూ కాదు, నేనెవర్నో చూపిస్తాను అని లేచి, మేకు మీంచి పటం తీసి, ఒళ్ళో పరుచుకుని, చిన్నపిల్లల బెంచీ మీద కూర్చున్నాను. బెంచీ కిర్రుమంది కానీ విరగలేదు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. కొందరు నిలబడే చెప్పారు. కుట్టుమిషనావిడ చిన్నది నా మోకాళ్ళ మీదకి వంగి, ముక్కు ఆనించినంత పని చేసి, మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా చెప్పింది. చెప్పి, ఇంకో పటం లేదా అని అడిగింది. చెప్పలేని పిల్లలు కూడా ఇద్దరున్నారు, నువ్వు రాసినట్టే. ఆ ఇద్దరికీ పాఠాలెందుకు చెప్పరో, బుట్టలే ఎందుకో, అది వచ్చేవారం అడుగుతాను.

నీ పట్టా గురించి నేను ఓదార్చను. నువ్వు చేసింది తప్పయితే కదా ఓదార్చడానికి. ఉద్యోగం పోతే పోయింది, ఇంట్లో అన్నం ఉంది, పోట్లాడేవాళ్ళం ఇద్దరం ఉన్నాం. నీ వైవా నుంచి తిరిగొచ్చాక మావాడు, దుకాణం మూసే ఊసు నేనింక ఎత్తనని మాట తీసుకున్నాడు. ఇచ్చేశాను.

చివర్లో హెడ్మాస్టరు కాగితం తీశాడు. పరీక్షకి భంగం కలిగించినందుకు పైకి ఫిర్యాదు రాయక తప్పదన్నాడు. రాసుకోమన్నాను. మీరు ఏ పిల్లకీ తల్లి కారు, ఈ బడికి మీరేమవుతారని రాయను అని అడిగాడు. గదిలో నలుగురు తల్లులూ, మాస్టర్లూ, నౌకరూ, వీధిలో నన్నెరిగినవాళ్ళు సగంమంది అక్కడే ఉన్నారు. నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదమ్మాయ్.

"చివరి గదిలో కూర్చున్న పిల్లాడి తల్లినని రాయండి" అన్నాను. "పెద్ద అక్షరాలతో రాయండి. దూరం నుంచి కూడా కనబడాలి."

మీ అత్తయ్య